జెండా పండగ నాడు పాలేరు ఎక్కడున్నాడు?

జూలై 4న భీమవరంలోనూ పండగే, ఫిలడెల్ఫియాలోనూ పండగే. అల్లూరి సీతారామరాజు 1897లో పుట్టింది ఆ తేదీనే. అమెరికా 1776లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్నదీ ఆ తేదీనే. ఏలూరు, తాడేపల్లిగూడెం, భీమవరం వైపు నుంచి వెళ్లి అమెరికాలో స్థిరపడ్డ కుటుంబాలకు ఆ సెలవులతో ఇంకో అనుబంధం కూడా ఉంది. ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) మహాసభలు రెండేళ్లకోసారి ఆ రోజుల చుట్టూనే జరుగుతాయి. 2023లో ఫిలడెల్ఫియాలోనే జరిగాయి.

2022 జూలై 4న ప్రధాని భీమవరం వచ్చి అల్లూరి 30 అడుగుల కంచు విగ్రహాన్ని ఆవిష్కరించారు. ఆ సభలోనే ఒక వృద్ధురాలికి పాదాభివందనం చేశారు. ఆమె తాడేపల్లిగూడెం దగ్గరి పడమర విప్పర్రుకు చెందిన పసల కృష్ణమూర్తి, అంజలక్ష్మి దంపతుల కుమార్తె. భార్యాభర్తలిద్దరూ దేశం కోసం జైలుకు వెళ్లిన ఇల్లది. ఇలాంటి ఇళ్లు గోదావరి జిల్లాల్లో ఊరూరా ఉన్నాయి. ఆ త్యాగాలను తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు.

ఆ ఊళ్లలోనే, ఆ రోజుల్లోనే, అప్పు కింద ఒళ్లు తాకట్టు పెట్టుకుని ఏళ్లకేళ్లు చాకిరీ చేసిన మనుషులూ ఉన్నారు. స్వాతంత్ర్య చరిత్ర చెప్పేటప్పుడు వాళ్ల సంగతి కూడా చెప్పాలి. ఈ విశేషాలు వాళ్ల గురించి. ముందు అమెరికా సంగతి చూద్దాం.

ఆ ఇంట్లో ఇంకొకరు

అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను థామస్ జెఫర్సన్ ఫిలడెల్ఫియాలో జేకబ్ గ్రాఫ్ అనే ఆయన ఇంట్లో అద్దెకున్న గదుల్లో కూర్చుని రాశాడు. మనుషులంతా సమానులేనని అందులో ఉంది. ఆ రోజుల్లో ఆయనకు పక్కనే ఉండి సేవ చేసిన కుర్రాడి పేరు రాబర్ట్ హెమింగ్స్. వయసు 14 ఏళ్లు. జెఫర్సన్ బానిస. జీవితకాలం మొత్తం మీద జెఫర్సన్ అధీనంలో 600 మందికి పైగా బానిసలున్నారు.

ఇంకో సంగతి. బానిస వ్యాపారాన్ని ఇంగ్లండు రాజు చేసిన నేరంగా నిందిస్తూ జెఫర్సన్ ముసాయిదాలో ఒక పేరా రాశాడు. కాంగ్రెస్ సభ్యులు ఆ పేరాను కొట్టేశారు.

జెఫర్సన్ చనిపోయిందీ జూలై 4నే, 1826లో. స్వాతంత్ర్య ప్రకటన వెలువడి సరిగ్గా 50 ఏళ్లు. పోయేనాటికి ఒళ్లంతా అప్పులు. వీలునామాలో అయిదుగురికి మాత్రమే విడుదల రాశాడు. 1827 జనవరిలో మాంటిచెల్లో ఇంటి దగ్గర 130 మందిని వేలం వేశారు. యజమాని చేసిన అప్పుకు బానిస అమ్ముడుపోయాడు. మన గోదావరి డెల్టాలో అయితే తాను చేసిన అప్పుకే పాలేరు తరాల పాటు కట్టుబడ్డాడు. ఈ తేడా గుర్తు పెట్టుకోవాలి. మన దగ్గర మనిషిని కట్టేసింది సంత కాదు, నోటు కాగితం. అందువల్ల చాలామందికి అది బానిసత్వంలా కనబడనే లేదు.

వాషింగ్టన్ సంగతి మరీ విచిత్రం. అధ్యక్షుడిగా ఆయన ఫిలడెల్ఫియాలో కాపురమున్నాడు. ఆ రాష్ట్రపు 1780 నాటి చట్టం ప్రకారం బయటివాళ్లు తెచ్చిన బానిస అక్కడ 6 నెలలు దాటి ఉంటే స్వేచ్ఛ అడగవచ్చు. గడువు దగ్గరపడేసరికి ఆయన తన మనుషుల్ని రాష్ట్రం దాటించి మళ్లీ వెనక్కి రప్పించేవాడు. 1796లో ఓనా జడ్జ్ అనే యువతి, యజమాని కుటుంబం భోజనానికి కూర్చున్న వేళ ఆ ఇంట్లోంచి బయటపడింది. పట్టిస్తే 10 డాలర్లు ఇస్తామని పత్రికలో ప్రకటన వేశారు. ఆమె దొరకలేదు. 1848లో న్యూహాంప్‌షైర్‌లో చనిపోయేదాకా చట్టం దృష్టిలో ఆమె బానిసే. వాషింగ్టన్ మాత్రం వీలునామాలో తన సొంత బానిసలు 123 మందికీ విడుదల రాసి పోయాడు. ఆ పని చేసినందుకు ఆయన్ని మెచ్చుకోవాలి, బతికుండగా చేయనందుకు తప్పుపట్టాలి కూడా. ఆ ఇల్లు ఉన్న చోట, లిబర్టీ బెల్ పక్కనే, అక్కడ ఆయన ఉంచుకున్న 9 మంది బానిసల పేర్లతో 2010లో స్మారకం కట్టారు. తానా సభలకు వెళ్లినవాళ్లలో ఎంతమంది ఆ స్మారకం ముందు నిలబడ్డారో గానీ, లిబర్టీ బెల్ చూసి వచ్చేవాళ్లు నాలుగడుగులు వేస్తే చాలు.

ఏలూరుకు వర్తించని విముక్తి

బ్రిటిష్ పార్లమెంటు 1833లో బానిసత్వాన్ని రద్దు చేసింది. బానిసల యజమానులకు 2 కోట్ల పౌండ్లు పరిహారం ఇచ్చింది. బానిసలకు ఒక్క పౌండూ ఇవ్వలేదు. అదే చట్టంలో ఒక మినహాయింపు ఉంది. ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని ప్రాంతాలకు, సింహళానికి, సెయింట్ హెలీనా దీవికి అది వర్తించదు. ఉత్తర సర్కారులు 1766 నుంచీ కంపెనీ చేతిలోనే ఉన్నాయి. అంటే జమైకాలో చెరకు తోట బానిసకు వచ్చిన విముక్తి ఏలూరుకు రాలేదు.

ఇక్కడికి వచ్చింది 1843 నాటి 5వ చట్టం. అందులో మొదటి మాట ఏమిటో చూడండి. శిస్తు బకాయి కోసం గానీ, కోర్టు డిక్రీ కోసం గానీ ఏ సర్కారు ఉద్యోగీ మనిషిని బానిస పేరుతో అమ్మకూడదు! అంటే అప్పటిదాకా అది జరగగలిగే పనే. ఆ చట్టం బానిసల్ని విడిచిపెట్టమని యజమానికి చెప్పలేదు. యజమాని కోర్టుకొస్తే అతని హక్కును ఒప్పుకోవద్దని మాత్రమే చెప్పింది. కొనుగోలు, అమ్మకం నేరమయ్యింది 1862లో శిక్షాస్మృతి అమల్లోకి వచ్చాకనే.

ఈ రెండింటి మధ్య, 1858లో, మద్రాసు ప్రాంతానికి ఇంకో చట్టం వచ్చింది. పేరే నిర్బంధ శ్రమ చట్టం. వరదొచ్చి గట్లు తెగే ప్రమాదం ఉంటే చుట్టుపక్కల ఊళ్ల కష్టజీవుల్ని బలవంతంగా పనిలోకి దించవచ్చు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి (1852) అప్పటికి ఆరేళ్లు. కాలువ నీరు పారిన పొలమల్లా బంగారమైంది. గట్టు తెగితే మట్టి మోయాల్సింది మాత్రం ఆ పొలంలో సెంటు భూమి కూడా లేని మనిషి.

పాలేరు అంటే

చరిత్రకారిణి ధర్మా కుమార్ దక్షిణాది వ్యవసాయ కూలీల మీద 1965లో వెలువరించిన పుస్తకంలో ఒక తేడా చూపించారు. మలబారులో, తమిళ జిల్లాల్లో పొలంతో పాటు మనుషుల్నీ చేతులు మార్చే పద్ధతి బలంగా ఉండేది. తెలుగు జిల్లాల్లో అంతగా లేదు. ఇక్కడి కట్టుబాటు ఎక్కువగా పాలేరుతనం రూపంలో, అప్పు రూపంలో నడిచింది.

ఆ రూపం ఎలా ఉండేదంటే: ఏరువాక నాటికి కుదురుతాడు, మళ్లీ ఏరువాక దాకా ఆ కమతంలోనే. జీతం ధాన్యంలో. ఏడాదికో చెప్పుల జత, ఒక దుప్పటి. తెల్లారకముందే పశువుల సావిట్లో ఉండాలి. పేడ ఎత్తాలి, కుడితి కలపాలి, దూడల్ని విడవాలి, తర్వాత అరక కట్టాలి. మధ్యాహ్నం దొడ్డివైపు చూరు కింద గొంతుక్కూర్చుంటే పైనుంచి దోసిట్లో పోస్తారు గంజి. గిన్నె తాకకూడదు, గడప తొక్కకూడదు. సాయంత్రం గడ్డిమోపు వేసి, రాత్రి చేను కాపలాకో, కళ్లం కాపలాకో పోవాలి. పెద్దపాలేరు కింద చిన్నపాలేరు, అతని కింద పశువులు కాసే పిల్లవాడు. ఆ పిల్లవాడు చాలాసార్లు పెద్దపాలేరు కొడుకే.

పెళ్లికో, జబ్బుకో, దినవారాలకో ఆసామి దగ్గర తెచ్చిన డబ్బుకు నోటు రాసి వేలిముద్ర వేస్తాడు. వడ్డీ ఎంతయిందో చదవలేడు. వచ్చే ఏరువాకకు ఇంకో ఇంటికి పోదామంటే ముందు ఆ నోటు తీర్చాలి. తీర్చలేక తండ్రి పోతే కొడుకు వచ్చి అదే సావిట్లో నిలబడతాడు. పిల్లల శ్రమను తాకట్టు పెట్టడాన్ని నిషేధిస్తూ 1933లోనే ఒక కేంద్ర చట్టం వచ్చిందని ఎందరికి తెలుసు? పశువుల వెనక తిరిగే పిల్లవాడికి ఆ చట్టం గురించి ఎవరూ చెప్పలేదు.

దొరతనం రంగు

గరిమెళ్ల సత్యనారాయణ తెల్లదొరతనం వద్దని రాసిన పాట సహాయ నిరాకరణ రోజుల్లో ఆంధ్రదేశమంతా మారుమోగింది. ఆ పాటకు ఆయన జైలు శిక్ష అనుభవించారు. ఇది బడి పిల్లలకూ తెలిసిందే. 1921లోనే రాజమండ్రిలో కుసుమ ధర్మన్న అనే ఆయుర్వేద వైద్యుడు ‘మాకొద్దీ నల్లదొరతనము’ రాశారన్న సంగతి చాలామందికి తెలియదు. ధర్మన్న దళితుడు. స్వరాజ్యానికి ఆయన వ్యతిరేకి కాదు. తెల్లవాడు వెళ్లాక ఊరి ఆసామి, ఊరి గుడి, ఊరి బావి ఇలాగే ఉంటే మాకొచ్చే స్వరాజ్యం ఏమిటని ఆ ఉద్యమం ముఖం మీదే అడిగారు. జెఫర్సన్‌ను అడగాల్సిన ప్రశ్న అమెరికాలో ఒకప్పటి బానిస ఫ్రెడరిక్ డగ్లస్ 1852 జూలై 5న అడిగాడు, దేశం పుట్టిన 76 ఏళ్లకు. మన గోదావరి ఒడ్డున అదే ప్రశ్న దేశానికి స్వాతంత్ర్యం రాకముందే, 26 ఏళ్లు ముందుగా వచ్చింది. తెలుగువాళ్లు గర్వించాల్సిన విషయం ఇది. రెండు పాటలూ పాఠ్యపుస్తకంలో పక్కపక్కన ఉండాలి.

ధర్మన్న నడిపిన పత్రిక పేరు ‘జయభేరి’. అందులో పనిచేసిన కుర్రాడే బోయి భీమన్న. కోనసీమలోని మామిడికుదురు ఆయన ఊరు. తర్వాత ఆయన రాసిన నాటకం పేరే ‘పాలేరు’. పాలేరు కుర్రాడు చదువుకుని పైకి వచ్చే కథ. గోదావరి జిల్లాల పల్లెల్లో దాన్ని ఎన్నో చోట్ల ఆడారు. అది చూసి పశువుల దగ్గర నుంచి పిల్లల్ని మాన్పించి బడిలో వేసిన తల్లిదండ్రులున్నారు. ఒక నాటకానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో కూర్చుని రాసిన ‘మాలపల్లి’ 1922లో వచ్చింది. మద్రాసు సర్కారు దాన్ని నిషేధించింది. కూలి, పాలేరుతనం, స్వరాజ్యం మూడూ ఒకే నవలలో చేరితే ఎవరికి భయమో ఆ నిషేధమే చెప్పింది.

1917 నవంబరులో బెజవాడలో దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన పంచముల మహాసభ జరిగింది. ఆ సభలోనే ఆది ఆంధ్రులన్న పేరు పెట్టుకున్నారు. ఎవరో పెట్టిన పేరు వద్దని తమ పేరు తామే ప్రకటించుకోవడమంటే అదీ ఒక స్వాతంత్ర్య ప్రకటనే.

1933 డిసెంబరులో గాంధీజీ హరిజన యాత్ర ఆంధ్ర జిల్లాల్లో సాగింది. 1944 సెప్టెంబరులో అంబేడ్కర్ ఇటువైపు వచ్చారు. అప్పుడాయన వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ సభ్యుడు. ఏలూరు మున్సిపాలిటీ, పశ్చిమ గోదావరి జిల్లా బోర్డు ఆయనకు సన్మానపత్రాలిచ్చాయి. రాజ్యాంగ సభ ఇంకా ఏర్పడని రోజులవి.

వెట్టి రోడ్డు

అల్లూరి తిరుగుబాటు ఎందుకొచ్చిందో సినిమాలు చూసినవాళ్లకు పోలీసు స్టేషన్లు, బాణాలు గుర్తుంటాయి. అసలు సంగతి రోడ్డు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం జనాన్ని సరైన కూలి ఇవ్వకుండా రోడ్డు పనులకు తోలాడు. 1882 అటవీ చట్టం పోడు సాగును అంతకుముందే కట్టేసింది. కడుపు మండింది అక్కడ. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడి జరిగింది. కనుక తెలుగువాళ్లు స్వాతంత్ర్య వీరుడిగా అందరికన్నా ఎక్కువగా కొలిచే మనిషి పోరాటం వెట్టిచాకిరీ మీద మొదలైంది. విగ్రహానికి దండ వేసేటప్పుడు ఆ మాట కూడా మైకులో చెబితే బాగుంటుంది.

మన్యంలో అప్పు కింద మనిషి కట్టుబడే పద్ధతిని ‘గొత్తి’ అంటారు. దాన్ని రద్దు చేస్తూ మద్రాసు సర్కారు 1940లో ఏజెన్సీకి ప్రత్యేక నిబంధన తెచ్చింది. నిజాం రాజ్యంలో అలాంటి ‘భగేలా’ ఒప్పందాల మీద 1943లో వచ్చింది. మైదానంలోని డెల్టా పాలేరుకు మాత్రం ప్రత్యేకంగా ఏ చట్టమూ రాలేదు.

ఓటు లేనివాళ్లు

రాజ్యాంగ సభకు సభ్యుల్ని ఎన్నుకున్నది 1946లో గెలిచిన రాష్ట్ర శాసనసభల వాళ్లు. ఆ శాసనసభల ఎన్నికల్లో ఓటు ఆస్తిపాస్తులు, పన్ను, చదువు ఉన్నవాళ్లకే. పెద్దవాళ్లలో మూడో వంతుకు కూడా ఓటు లేదు. డెల్టా పాలేరు తొలిసారి ఓటేసింది 1951-52 ఎన్నికల్లో. అయినా ఆ సభ చేసిన పని చిన్నది కాదు. 1948 నవంబరు 29న అంటరానితనాన్ని రద్దు చేసే నిబంధన ఆమోదం పొందింది. కొద్ది రోజులకే మనుషుల క్రయవిక్రయాలను, వెట్టిని నిషేధించే నిబంధన వచ్చింది. అదే ఇప్పటి 23వ అధికరణం. అమెరికా రాజ్యాంగంలో బానిసత్వం రద్దు 1865లో సవరణగా చేరింది. మన రాజ్యాంగంలో అది మొదటి రోజు నుంచే ఉంది. ఇందులో అంబేడ్కర్ చేయి ఎంతుందో చెప్పనక్కర్లేదు.

కాగితం మీద ఉన్నది పొలంలోకి రావడానికే ఆలస్యమైంది. జమీందారీల రద్దుకు మద్రాసు చట్టం 1948లోనే వచ్చింది. నూజివీడు లాంటి పెద్ద ఎస్టేట్లు పోయాయి. మనిషి మీద కట్టుబాటును రద్దు చేసే చట్టానికి ఇంకో 28 ఏళ్లు పట్టింది. భూమికి తొందరపడ్డవాళ్లు మనిషికి తొందరపడలేదు. ఈ మాట అనడానికి నాకేమీ సంకోచం లేదు. జమీందారీ పోతే లాభపడే రైతు ఉద్యమంలో ముందు వరసలో ఉన్నాడు. పాలేరు విడుదలైతే నష్టపోయేదీ ఆ రైతే.

కోరంగి నుంచి మారిషస్‌కు

1834లో బ్రిటిష్ వలసల్లో బానిసలు విడుదల కావడంతో చెరకు తోటలకు మనుషులు కావాల్సొచ్చారు. ఆ లోటు తీర్చింది మన దేశపు ఒప్పంద కూలీలు. గోదావరి సముద్రంలో కలిసే చోట కోరంగి రేవు నుంచి తెలుగువాళ్లు ఓడలెక్కారు. మారిషస్‌లోనూ, బర్మాలోనూ తెలుగువాళ్లకు ‘కోరంగీలు’ అన్న పేరు పడిపోయింది. 1860లో మద్రాసు నుంచి ‘ట్రురో’ ఓడ నేటాల్ చేరింది. యానాం నుంచి ఫ్రెంచి దీవులకూ తీసుకుపోయారు. ఈ కూలీల ఎగుమతి ఆగింది 1917లో.

మారిషస్ వాళ్ల క్యాలెండరు చూడండి. ఫిబ్రవరి 1 బానిసత్వ రద్దు దినం, సెలవు. నవంబరు 2 ఒప్పంద కూలీలు వచ్చిన రోజు, సెలవు. మార్చి 12 స్వాతంత్ర్య దినం, సెలవు. ఆ మార్చి 12ను దండి యాత్ర మొదలైన తేదీ కనుక ఎంచుకున్నారు. ఉగాదికీ సెలవే. కూలీలు దిగిన ఆప్రవాసీ ఘాట్‌లోని 16 మెట్లను జాగ్రత్తగా కాపాడుకున్నారు. 2006లో దానికి యునెస్కో గుర్తింపు వచ్చింది. ఒక చిన్న దేశం తన బానిసల్ని, కూలీల్ని, స్వాతంత్ర్యాన్ని మూడు వేర్వేరు రోజుల్లో తలుచుకుంటోంది. మన దగ్గర ఫిబ్రవరి 9 వెట్టి నిర్మూలన దినం. ఆ రోజు ఎక్కడైనా ఓ బడిలో పిల్లలకు రెండు మాటలు చెప్పినట్టు విన్నారా?

1975 అక్టోబరు 25

వెట్టిచాకిరీ రద్దు ఆర్డినెన్సు అమల్లోకి వచ్చిన తేదీ ఇది. 1976 ఫిబ్రవరి 9న చట్టమైంది. దేశమంతా అత్యవసర పరిస్థితి, పత్రికల మీద సెన్సార్, నాయకులు జైళ్లలో ఉన్న రోజులవి. పౌరుల స్వేచ్ఛను పక్కన పెట్టిన సర్కారే పాలేరుకు స్వేచ్ఛ రాసిచ్చింది. ఈ రెండూ ఒకే కాలంలో జరిగాయన్నది చరిత్ర. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని దాచకూడదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఆ చట్టాన్ని కాగితం మీద నుంచి ఊళ్లలోకి తెచ్చిన అధికారి ఎస్.ఆర్. శంకరన్. సాంఘిక సంక్షేమ శాఖ చూసిన ఐఏఎస్ ఆయన. ఊరూరా తిరిగి కూలీల మధ్య కూర్చుని మీ అప్పు రద్దయిందని చెప్పారు. అది నచ్చని పెద్దలు చాలామందే ఉన్నారు. ఆయన వెనక్కి తగ్గలేదు. 2010లో చనిపోయారు. తర్వాత పేదల ఇళ్లలో ఆయన ఫొటో పెట్టుకున్నవాళ్లున్నారంటే ఆశ్చర్యం లేదు.

1982లో సుప్రీంకోర్టు ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో ఇంకో అడుగు ముందుకేసింది. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకుంటే అది బలవంతపు చాకిరీయేనని జస్టిస్ భగవతి తీర్పు చెప్పారు. ఆకలితో ఒప్పుకున్న పనిని ఇష్టంతో ఒప్పుకున్నదనలేం.

కొల్లేటి సొసైటీలు

వెట్టి చట్టం వచ్చిన ఆ 1970ల్లోనే కొల్లేరు లంకల్లో వడ్డి కులస్తులకు, దళితులకు సొసైటీల పేరిట చేపల చెరువులు ఇచ్చారు. కూలి మనిషి సొంతదారు అవుతాడన్న ఆశ అది, మంచి ఆశ. కొన్నేళ్లు తిరిగేసరికి పేర్లు సొసైటీవి, లీజులు పెట్టుబడి పెట్టినవాళ్లవి అయ్యాయి. పేరున్న సభ్యుడే తన చెరువు గట్టు మీద కాపలా కూలీగా మిగిలిన ఉదాహరణలు లంకల్లో ఎవర్ని అడిగినా చెబుతారు. 1999లో కొల్లేరు 5వ కాంటూరు దాకా అభయారణ్యమైంది. 2006లో చెరువుల గట్లు కొట్టేశారు. సరస్సుకు అది అవసరమే. లీజుదారుకు వేరే ఊళ్లో వేరే చెరువు ఉంటుంది. లంకలో ఉన్నవాడికి ఆ నీరే దిక్కు. పర్యావరణం గురించి రాసేవాళ్లు ఈ రెండో ముక్క మరిచిపోతుంటారు.

విగ్రహాల సరసన

2017 ఏప్రిల్‌లో భీమవరం దగ్గర పాలకోడేరు మండలం గరగపర్రులో దళితులు దేశనాయకుల విగ్రహాల సరసన అంబేడ్కర్ విగ్రహం పెట్టారు. తెల్లారేసరికి అది అక్కడ లేదు. తర్వాత దళితులకు పనులు, కౌళ్లు ఆగిపోయాయి. సాంఘిక బహిష్కరణ వార్త రాష్ట్రమంతా పాకింది. స్వాతంత్ర్యం వచ్చి 70 ఏళ్లు నిండుతున్న ఏడాది అది. వెట్టిని నిషేధించిన పుస్తకం చేతబట్టుకున్న మనిషి విగ్రహానికి, ఆ వెట్టి మీద తిరగబడ్డ అల్లూరిని దేవుడిగా కొలిచే సీమలో చోటు దొరకలేదు. ఇది బాధపడాల్సిన సంగతి.

చట్టం చెప్పే ముక్కలు

ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి కుటుంబాలకు కుటుంబాలే అడ్వాన్సు మీద వస్తాయి. పేరు మారింది, పద్ధతి అదే. అలాంటి కుటుంబం గురించి తెలిస్తే ఎవరు ఏం చేయవచ్చో 1976 చట్టంలోనే ఉంది.

అప్పు మొత్తం రద్దవుతుంది, తీర్చక్కర్లేదు. అప్పు కింద లాక్కున్న సామాను, పశువులు తిరిగి ఇవ్వాలి. యజమాని స్థలంలో వేసుకున్న గుడిసె నుంచి విడుదలైన మనిషిని ఖాళీ చేయించకూడదు. వెట్టి చేయించినవాడికి 3 ఏళ్ల దాకా జైలు. కలెక్టరు బాధ్యత, ఆయన కింద జిల్లాలోనూ డివిజన్‌లోనూ విజిలెన్స్ కమిటీలు. కేసు రుజువయ్యాక, 2016 పథకం కింద పునరావాసానికి పురుషుడికి లక్ష, స్త్రీకి లేదా పిల్లలకు 2 లక్షలు, మరీ దారుణమైన కేసుల్లో 3 లక్షల రూపాయలు. బాధితుడే ఆఫీసు మెట్లెక్కాలని లేదు, తెలిసినవాళ్లెవరైనా చెప్పవచ్చు. నోటు రాయలేదు, అంతా నోటిమాటే అని యజమాని అంటే అది చెల్లదు. నోటిమాట మీద కుదిరిన ఒప్పందం కూడా ఈ చట్టం కిందికే వస్తుంది. ఇక ఆ అప్పు వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవాల్సింది కూలీ కాదు, అప్పిచ్చినవాడు.